లెక్కలంటే గిట్టనివాళ్లకు ఏ టీచర్ ఉద్యోగం నప్పుతుంది?

నేను హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. లెక్కల నుంచి తప్పించుకోవడానికే తెలుగు తీసుకున్నాను, ఇందులో దాచుకోవడానికేం లేదు. ఇంటర్‌లో హెచ్ఈసీ, డిగ్రీలో స్పెషల్ తెలుగు, బీఎడ్‌లో తెలుగు, సోషల్ మెథడాలజీలు, అంటే ఆ సబ్జెక్టులు బోధించే పద్ధతులు. ఇక జన్మలో కూడికల మొహం చూడక్కర్లేదు అనుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఎస్ఏ-1, అంటే అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు 42 దిద్ది, మార్కులు వేసి, క్లాసులో పంచాను. పది నిమిషాలు తిరక్కుండా ఒక పిల్ల లేచి, "టీచర్, నాకు 61 కాదు, 67 రావాలి" అంది. ఆ వెనకే ఇంకో ముగ్గురు లేచారు. ఒకడికి నాలుగు మార్కులు ఎక్కువ పడ్డాయి. ఆ సంగతి చెప్పాలా వద్దా అని వాడు మధ్యాహ్నం భోజనాల దాకా నలిగిపోయాడు పాపం. మొత్తం పేపర్లు వెనక్కి తీసుకుని, స్టాఫ్ రూంలో లెక్కల మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి కూడికలు వేశాను.

అప్పటి నుంచి ఎవరైనా "లెక్కలు లేని టీచర్ ఉద్యోగం ఏదైనా ఉందా?" అని అడిగితే, "ఏ లెక్కలు?" అని ఎదురడుగుతున్నాను. ఎందుకంటే ఈ వృత్తిలో లెక్కలు మూడు రకాలుగా ఎదురొస్తాయి. ఉద్యోగం రావాలంటే పరీక్షలో చేయాల్సిన లెక్కలు, వచ్చాక పిల్లలకు బోర్డు మీద చెప్పాల్సిన లెక్కలు, ఇవి రెండూ కాక రిజిస్టర్లలో, యాప్‌లలో నింపాల్సిన లెక్కలు. అందరూ భయపడేది మొదటిదానికి. అది కొన్ని నెలల బాధ. మూడోదాని గురించి ముందుగా ఎవరూ చెప్పరు, అదేమో రిటైరయ్యేదాకా వదలదు. కింద ఒక్కో ఉద్యోగంలో ఏ రకం ఎంత ఉంటుందో చూద్దాం.

ఎస్జీటీ: పోస్టులు ఎక్కువ, లెక్కలూ ఎక్కువే

ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్, ఆ తర్వాత టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉద్యోగ నియామక పరీక్ష). ఒకటి నుంచి ఐదు వరకు చెప్పే ఎస్జీటీకి, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌కి దారి ఇదే. బీఎడ్ చేసి ఎస్జీటీకి కూడా రాద్దామనుకునేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ప్రైమరీ తరగతులకు బీఎడ్ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

ఇక్కడ లెక్కలు తప్పవు. ప్రైమరీ స్కూల్లో ఒకే టీచర్ తెలుగూ చెప్పాలి, ఇంగ్లిషూ చెప్పాలి, లెక్కలూ చెప్పాలి. ఇద్దరు టీచర్లున్న బడిలో "మీరు లెక్కలు తీసుకోండి, నేను తెలుగు తీసుకుంటా" అని సర్దుకునేవాళ్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక జంట అలాగే ఎనిమిదేళ్లు నడిపారు. కానీ పక్కవాళ్లకు బదిలీ అయితే? ఏకోపాధ్యాయ పాఠశాలకు పంపిస్తే? ఆ సర్దుబాటును నమ్ముకుని ఉద్యోగం ఎంచుకోవద్దు.

టెట్ పేపర్-1లో 150 మార్కులకు లెక్కలు 30. "వాటిని వదిలేసినా పాస్ కావచ్చు కదా" అని చాలామంది అంటారు. కావచ్చు. మిగిలిన 120లో ఓసీలకు 90 రావాలి, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి లెక్కల్లో గుడ్డిగా ఏదో ఒక జవాబు పెట్టినా కొన్ని తగులుతాయి. అసలు ఇబ్బంది పాస్ దగ్గర కాదు. డీఎస్సీ ర్యాంకులో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే టెట్‌లో 30 మార్కులు వదిలేస్తే చివరి వందలో 4 మార్కులు పోయినట్టే. అర మార్కుకు పోస్టు పోగొట్టుకున్నవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, అడిగి చూడండి. పైగా ఎస్జీటీ డీఎస్సీ పేపర్లోనూ మళ్లీ లెక్కలుంటాయి, ఈసారి మెథడాలజీతో కలిపి.

అయినా ఈ దారిని వెంటనే కొట్టేయకండి. 2024 తెలంగాణ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో ఎస్జీటీలే 6,508. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347కి గాను 6,371. ఇన్ని పోస్టులు ఇంకే ఒక్క సబ్జెక్టుకూ ఉండవు. ఆ పరీక్షలో వచ్చే లెక్కలు కూడా మీరు ఇంటర్‌లో ఎంపీసీ వాళ్ల పుస్తకాల్లో చూసి బెదిరిపోయిన రకం కాదు. భిన్నాలు, కసాగు, గసాభా, లాభనష్టాలు, వైశాల్యాలు. మనలో చాలామందికి పోయింది లెక్కలు కాదు, ఏడో తరగతిలో బెత్తం పట్టుకుని నిలబడ్డ మాస్టారి ముందు పోయిన ధైర్యం.

హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లిష్, సోషల్

బోర్డు మీద లెక్కలు చేయడం మీవల్ల కాదంటే నేను మొదట చూపించేది ఈ వైపే. కానీ ఇందులోకి వచ్చే గుమ్మం ఆంధ్రలో ఒకలా, తెలంగాణలో ఒకలా ఉంటుంది. ఆ గుమ్మం బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్. ఆంధ్ర ఎడ్‌సెట్‌లో మీ మెథడాలజీకే వంద మార్కులు. సోషల్ లేదా ఇంగ్లిష్ ఎంచుకున్నవాళ్లకు ఆ వందలో లెక్కల సబ్జెక్టు రాదు. తెలంగాణ ఎడ్‌సెట్ అందరికీ ఒకటే పేపర్. తెలుగు చదివినా సరే, 150 ప్రశ్నల్లో 20 లెక్కలు ఎదురవుతాయి, పదో తరగతి స్థాయి వరకు. అయితే అర్హత మార్కు 25 శాతమే కాబట్టి ఆ ఇరవైని చూసి బీఎడ్ మానుకోవాల్సిన పని లేదు. మంచి కాలేజీలో సీటు కావాలనుకుంటే మాత్రం అందులో ఏడెనిమిది తెచ్చుకోండి.

హైస్కూల్ టీచర్లు కావాలనుకునేవాళ్లు రాసే టెట్ పేపర్-2లో 60 మార్కుల భాగానికి లెక్కలు-సైన్స్ లేదా సోషల్ ఉంటాయి. తెలంగాణలో తెలుగు, హిందీ వాళ్లు కూడా ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి, మనవాళ్లందరూ సోషల్ పెట్టుకుంటారు. ఆంధ్రలో భాషా టీచర్లకు ఆ 60 మార్కులు తమ భాషలోనే రాసుకునే వీలుంది.

ఒక జాగ్రత్త. డిగ్రీలో తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా చదివితే స్కూల్ అసిస్టెంట్ తెలుగు, అంటే హైస్కూల్ తెలుగు టీచర్ పోస్టుకు సరిపోదు. ఆప్షనల్‌గా, అంటే స్పెషల్ తెలుగుగా చదివి ఉండాలి, లేదా ఎంఏ తెలుగు చేయాలి. దాంతోపాటు బీఎడ్‌లో తెలుగు మెథడాలజీ గానీ పండిట్ ట్రైనింగ్ గానీ ఉండాలి. ఈ ముక్క తెలియక బీఎడ్ అంతా అయ్యాక ఎంఏ కోసం పరిగెత్తినవాళ్లను చూశాను.

సోషల్‌కీ తెలుగుకీ మధ్య తేలకపోతే నా ఓటు తెలుగుకే, పక్షపాతం అనుకున్నా సరే. సోషల్‌లో రేఖాంశాలొస్తాయి: ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా, 82½ డిగ్రీల దగ్గర మధ్యాహ్నం పన్నెండైతే 90 డిగ్రీల దగ్గర ఎంత? జనసాంద్రత, తలసరి ఆదాయం, జీడీపీ పట్టికలు వస్తాయి. పట్టిక ఇచ్చి విశ్లేషించమనే ప్రశ్న పదో తరగతిలో మామూలే. పెద్ద కష్టమేం కాదు, కానీ అంకెలు చూస్తే ఒళ్లు మండేవాళ్లకు ప్రతి రెండో పాఠంలో ఒక గ్రాఫ్ కాచుకుని ఉంటుంది.

మరి తెలుగులో అంకెలే లేవా అంటే, ఛందస్సు ఉంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. గురువులు, లఘువులు గుర్తించి, మూడేసి విడదీసి, భ ర న భ భ ర వ అని కింద గణాలు రాయాలి. లెక్కల పీరియడ్‌లో నిద్రపోయే నా క్లాసు వెనక బెంచీ కుర్రాడొకడు గణవిభజన మాత్రం ఒక్క తప్పు లేకుండా చేస్తాడు. "ఇదీ లెక్కేరా" అంటే నమ్మడు.

ఇక రిజిస్టర్ లెక్కలు. సబ్జెక్టు టీచర్‌గా ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు (చిన్న పరీక్షలు), రెండు ఎస్ఏల (పెద్ద పరీక్షల) మార్కులు ఎక్కించాలి. క్లాస్ టీచర్‌ని చేశారంటే ఆ సెక్షన్ అన్ని సబ్జెక్టుల మొత్తాలు, గ్రేడ్లు, హాజరు శాతాలు, యూడైస్ (కేంద్రం అడిగే బడి, పిల్లల సమాచారం) వివరాలు మీ నెత్తినే. ఎక్సెల్‌లో కూడిక ఫార్ములా ఒక్కటి నేర్చుకుంటే వీటిలో ముప్పాతిక భారం తగ్గుతుంది. నేను నేర్చుకోవడానికి ఐదేళ్లు పట్టింది, మీరు ఒక సాయంత్రం కూర్చోండి చాలు.

అంగన్‌వాడీ: ఆటపాటల వెనక తూకాలు

"చిన్నపిల్లలతో ఆడిస్తూ పాడిస్తూ ఉండొచ్చు, లెక్కలుండవు" అని దీన్ని ఎంచుకునేవాళ్లు ఒక్కసారి నెల మొదట్లో బరువులు తూచే రోజు కేంద్రానికి వెళ్లి రండి. నేను వెళ్లింది మా చిన్నమ్మ కోడలు పనిచేసే కేంద్రానికి. దూలానికి వేలాడే త్రాసు, దానికి గుడ్డ ఉయ్యాల, అందులో గుక్కపెట్టి ఏడుస్తున్న రెండేళ్ల పిల్ల. పిల్ల కాళ్లు ఝాడిస్తుంటే ముల్లు ఊగుతూనే ఉంది. అది కాస్త నిలబడ్డ క్షణంలో 9.8 అని పట్టుకుంది మా వదిన. ఆయా పుస్తకంలో 8.9 అని రాసింది. అంకెలు అటూ ఇటూ అయ్యాయి, అంతే కదా అనుకుంటాం. రెండేళ్ల ఆడపిల్లకు 9 కిలోలు గీత. పైన ఉంటే మామూలు బరువు, కిందికి వస్తే తక్కువ బరువు పిల్లల జాబితాలో పడుతుంది. వదిన చూసి దిద్దబట్టి సరిపోయింది.

బరువు తర్వాత ఎత్తు, ఆ తర్వాత చేతి చుట్టుకొలత టేపు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, 12.5 వరకు పసుపు. ఇవన్నీ మళ్లీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. అక్కడితో అయిపోదు, స్టాక్ ఉంది. తెలంగాణలో మూడేళ్లలోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి, 16 గుడ్లు ఇస్తారు. కేంద్రంలో అలాంటి పిల్లలు 14 మంది ఉంటే 224 గుడ్లు. ముప్పై పట్టే ట్రేలో వస్తాయి కాబట్టి ఏడు ట్రేలు, పైన 14. దారిలో పగిలినవెన్ని, గర్భిణులకు వండినవెన్ని, నిల్వ ఎంత? సూపర్‌వైజర్ వచ్చినప్పుడు రిజిస్టర్‌కీ గదిలో ఉన్న ట్రేలకూ తేడా వస్తే సమాధానం చెప్పాల్సింది టీచరే.

కాబట్టి ఇది తిరగేసిన ఎస్జీటీ లాంటిది. ప్రవేశానికి లెక్కల పరీక్ష ఉండదు, పిల్లలకు చెప్పేది ఒకటి నుంచి పది, ఇరవై వరకే, కానీ రోజువారీ పనంతా అంకెలే. ఈ అంకెలు ఎవరినీ తెలివితక్కువవాళ్లను చేయవు, ఓపిక అడుగుతాయంతే. పరీక్షంటే భయపడి, పచారీ కొట్టు లెక్క మాత్రం నోటితో చెప్పేసే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు? వాళ్లకిది చక్కగా నప్పుతుంది. చదువు ఆంధ్రలో పదో తరగతి, తెలంగాణలో కొత్త నియామకాలకు ఇంటర్ అడుగుతున్నారు. స్థానికురాలై ఉండాలి, మగవాళ్లకు అవకాశం లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. దీన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆంధ్రలో 2019లో 11,500కి, తెలంగాణలో 2021లో 13,650కి పెంచారు. 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు ఆంధ్ర అంగన్‌వాడీలు సమ్మె చేసింది ఊరికే కాదు.

ప్లే స్కూల్, మాంటిస్సోరి

నేను బీఎడ్‌కి ముందు ఒక ఏడాది ప్రైవేటు నర్సరీలో చేశాను. పిల్లలతో హాయిగా ఉండేది. ఏప్రిల్ రాగానే చేతికి కరపత్రాలిచ్చి అడ్మిషన్లకు ఇంటింటికీ తిరగమన్నారు, ఒక్కో టీచర్‌కు టార్గెట్ పెట్టి. లెక్కలంటే పడదు అనుకుని చేరినవాళ్లకు ఎదురయ్యే నాలుగో రకం లెక్క అది. చేరేముందు "ఎండాకాలం క్యాన్వాసింగ్ ఉంటుందా, జీతం పన్నెండు నెలలా పదినెలలా?" అని నోరు తెరిచి అడగండి.

పాఠంగా చెప్పే లెక్కలకు ఇక్కడ భయపడాల్సింది ఏమీ లేదు. మాంటిస్సోరి పద్ధతి అయితే లెక్కలంటే అసహ్యపడేవాళ్లు కూడా మెత్తబడతారు. కదురుల పెట్టె అని ఒకటుంటుంది. సున్నా నుంచి తొమ్మిది వరకు పది అరలు, 45 చెక్క పుల్లలు. పిల్లవాడు ఒకటి అరలో ఒక పుల్ల, రెండు అరలో రెండు అలా వేసుకుంటూ పోతాడు. తొమ్మిది నిండేసరికి చేతిలో ఏమీ మిగలదు. అప్పుడు సున్నా అర వైపు చూస్తాడు. అందులో ఏమీ లేదు. "ఏమీ లేదు" అనేదే అక్కడి పాఠం. నా చిన్నప్పుడు సున్నా గురించి ఎవరూ నాకిలా చెప్పలేదు. శిక్షణలో ఈ సామగ్రి అంతా మీ చేతులతో మీరే వాడి చూడాలి, అందుకని చాలామందికి రెండోసారి లెక్కలు నేర్చుకున్నట్టుంటుంది.

శిక్షణ పేరుతో వీధికో ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) బోర్డు కనిపిస్తుంది. ప్రైవేటు ప్లే స్కూళ్లు చాలావరకు వాటిని ఒప్పుకుంటాయి. కానీ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ గుర్తించిన కోర్సు పేరు డీపీఎస్ఈ, ప్రీ-స్కూల్ విద్యలో డిప్లొమా. రేపెప్పుడైనా సర్కారు పోస్టుకు పనికిరావాలంటే గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టండి. దూరవిద్యలో అయితే ఇంటర్ పాసైనవాళ్లకు ఇగ్నోలో శిశు సంరక్షణ, విద్య డిప్లొమా ఉంది.

స్పెషల్ ఎడ్యుకేషన్

ఎక్కువమంది ఆలోచించనిది, నా ఉద్దేశంలో లెక్కల్లో దెబ్బతిన్నవాళ్లు తప్పక ఆలోచించాల్సింది ఇది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన అభ్యసన వైకల్యాల్లో డిస్‌కాల్క్యులియా ఒకటి, అంటే తెలివితేటలు మామూలుగానే ఉండి అంకెలు మాత్రం పట్టుబడకపోవడం. అలాంటి పిల్లవాడు 17కీ 71కీ తేడా తెలియక బిక్కమొహం వేసినప్పుడు, లెక్కల్లో ఎప్పుడూ ఫస్టొచ్చిన టీచర్ కంటే మీకే వాడి అవస్థ తొందరగా అర్థమవుతుంది.

కోర్సుకు పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తింపు తప్పనిసరి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో పెద్ద సంస్థ, మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసమే 1984లో మొదలైంది. అప్పుడు దాని పేరు ఎన్ఐఎంహెచ్. పోస్టులూ వస్తున్నాయి. నేను పైన చెప్పిన తెలంగాణ డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్ ఎస్జీటీలు 796, స్కూల్ అసిస్టెంట్లు 220.

లెక్కలు ఏ మేరకు? పిల్లలకు చెప్పేవి బతుకుతెరువు లెక్కలు. పది రూపాయల నోటిచ్చి ఏడు రూపాయల వస్తువు కొంటే చిల్లర ఎంత, బస్సు ఎన్నింటికి. మీరు రాసుకోవాల్సినవి మాత్రం కొంచెం ఎక్కువే. బొత్తం పెట్టుకోవడాన్ని పది మెట్లుగా విడదీసి, ఏ మెట్టు తనంతట తను చేశాడు, దేనికి మాటసాయం కావాల్సొచ్చింది, దేనికి చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది అని రోజూ గుర్తులు పెట్టాలి. ఎన్ఐఈపీఐడీ తయారుచేసిన చెక్‌లిస్టులో 80 శాతం సాధిస్తే పై స్థాయికి పంపే ఆలోచన చేస్తారు. శాతాలు వేయాల్సిందే. కానీ ఆ శాతం పెరగడానికి మూడు నెలలు పట్టినప్పుడు దాన్ని చూసి విసుక్కునేవాళ్లు ఎవరూ ఉండరనుకుంటాను.

మిగతావి, క్లుప్తంగా

పీఈటీ, అంటే వ్యాయామ టీచర్ దారిలో ప్రవేశ పరీక్ష పీఈసెట్. అందులో పరుగు, దూకడం, గుండు విసరడం, ఆటల నైపుణ్యం. లెక్కల ప్రశ్న ఉండదు. ఒకే ఒక్క చోట దొరికిపోతారు: స్పోర్ట్స్ మీట్ ముందురోజు ట్రాక్ గీసేటప్పుడు. 400 మీటర్ల ట్రాక్‌లో ఒక్కో పరుగు వరస వెడల్పు 1.22 మీటర్లయితే, ఒక చుట్టు పరుగుకు రెండో వరసవాడిని 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. దానికి పట్టిక ఉంటుంది, జేబులో పెట్టుకుంటే చాలు.

క్రెష్‌లు (ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే కేంద్రాలు) 2017 ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణ తర్వాత పెరగాల్సినవి, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉద్యోగులున్న సంస్థలకు అది తప్పనిసరి కాబట్టి. ఇక్కడ అంకెలంటే పాలు ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, ఎంతసేపు పడుకుంది, జ్వరం ఎంత ఉంది. తల్లి సాయంత్రం వచ్చి అడిగేవి అవే. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో తప్ప ఎదుగుదల తక్కువ, నన్నడిగితే మొదటి ఉద్యోగంగా సరే, చివరి ఉద్యోగంగా వద్దు.

ఎటూ తేలకపోతే

మా అక్క కూతురు ఇంటర్ సీఈసీ అయిపోయి ఇలాగే వచ్చి కూర్చుంది. సలహా చెప్పకుండా రెండు పనులు పెట్టాను. పాత టెట్ పేపర్-1 తీసి లెక్కల 30 ప్రశ్నలు మాత్రం గడియారం పెట్టుకుని చేయమన్నాను. తర్వాత మా వదిన కేంద్రంలో బరువుల రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఉండి రమ్మన్నాను. ఇంట్లో అందరం దానికి లెక్కలు రావనే అనుకునేవాళ్లం, అది కూడా. 30కి 18 వచ్చాయి. కేంద్రం నుంచి మాత్రం తలనొప్పితో వచ్చింది, "పిన్నీ, పిల్లలు బంగారం, ఆ రిజిస్టర్లు నావల్ల కాదు" అని. డీఎడ్ కోసం దాని ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాస్తానంటోంది. సాయంత్రాలు భిన్నాలు చేస్తోంది, కూడికలు ఇంకా వేళ్ల మీదే.